తెల్లచీరల తెరచాప

గాలికి దారి చూపేవాడు, నీటికి గట్టు కట్టేవాడు, ముసలితనంలో కూడా మనిషి లోపల జ్ఞాపకమనే చిన్న దీపాన్ని ఆరిపోనివ్వనివాడు అయిన నా దేవునికి ముందుగా స్తోత్రం. ఏ పని మొదలుపెట్టినా ముందు స్తోత్రం చెప్పుకోవడం మా ఇంట్లో మామ్మ నేర్పిన అలవాటు. ఆ స్తోత్రం కాస్త ముందుగా చెప్పేయడం వల్ల మా లంక అంతా ఒకసారి ఎంత నష్టం తెచ్చుకుందో ఇది చదువుతుంటే మీకే తెలుస్తుంది. అయినా ఆ అలవాటు నేను మానలేదు, మానను కూడా.

పోయిన నెలలో మా చెల్లెలి మనవరాలిని, పసిబిడ్డని, దేవునికి ప్రతిష్ఠించే కూడికకి యానాం వెళ్తూ ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి గాలి ఎంత ఉధృతంగా ఉందంటే, ఆటో పక్కనున్న పరదా పటపటా కొట్టుకుంటూ నా కళ్ళజోడు ఎక్కడ ఊడగొడుతుందోనని చేత్తో పట్టుకోవలసి వచ్చింది. వంతెన మధ్యలో జనం మోటారు సైకిళ్ళు ఆపుకుని కిందికి చూస్తున్నారు. నేనూ ఆటో ఆపించి చూశాను. గౌతమి మీద చిన్న చిన్న చెక్క పడవలు, పాతకాలపువే, ఎవరో ముచ్చటపడి బాగుచేయించి రంగులు వేయించినవి, తెరచాపల నిండా గాలి పోసుకుని ఒక పక్కకి ఒరిగిపోయి పరుగెడుతున్నాయి. వాటిలో నారింజరంగు కోట్లు తొడుక్కున్న కుర్రాళ్ళు రెండో పక్కకి వెనక్కి వాలి కూర్చుని కేరింతలు కొడుతున్నారు. శని, ఆదివారాలు రెండు రోజులూ పందేలట. ఆటో నడిపే అతను నా పక్కకి వచ్చి నిలబడి, ఎవరు గెల్తారంటారండీ టీచరు గారూ, అని అడిగాడు. కళ్ళు తెరుచుకున్నవాళ్ళు గెలుస్తారు నాయనా, అన్నాను. అతను మర్యాదకి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ తెల్లటి తెరచాపల్లో ఒకదాన్ని చూసి, అది ఎవరెవరి చీరలతో కుట్టారో పోల్చుకోవాలని చూస్తున్నాను నేను.

మాది మురమళ్ళకి దిగువన, గౌతమి మధ్యలో ఒక చిన్న లంక. పేరు చెప్పినా ఇప్పుడు మీరు వెళ్ళి చూడడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, చాలామట్టుకు గోదావరే తీసుకుపోయింది. మా ముత్తాతల కాలంలో పరాయి పొలాల్లో చాకిరీ చేస్తూ, ప్రభువుని నమ్ముకుని రక్షణలోకి వచ్చిన కుటుంబాలు మావి. నాలుగు వీధులు, కూరగాయల పాదులు, పొగాకు, మధ్యలో పెంకుల మందిరం. ఇవతల మేము, నది దాటి దక్షిణాన గట్టు మీద ఇంకో సంఘం. రెండు సంఘాలకీ ఒకరే పాస్టరు గారు. మధ్యలో ఉన్న నీరు ఎంత వెడల్పంటే, పాస్టరు గారు లేని రోజుల్లో మాకు వాక్యం చెప్పే ఉపదేశి గారు గలిలయ గురించి చెప్పేటప్పుడల్లా దాన్ని సముద్రం అన్నారు గానీ అది సరస్సేనని, మన రేవులో నిలబడి చూస్తే ఎంత నీరు కనపడుతుందో అంతే ఉంటుందని చెప్పేవారు. ఆయన ఏలూరు దాటి ఎక్కడికీ వెళ్ళినవారు కాదు. అయినా మేము నమ్మేవాళ్ళం. అందుకే చిన్నప్పుడు ప్రభువు తలగడ మీద నిద్రపోయిన పడవ అంటే నా కళ్ళకి మా రేవులో కట్టేసి ఉన్న నావే కనిపించేది.

ఆ నావ పేరు నిరీక్షణ. దానికి అన్నో తమ్ముడో అనదగ్గ ఇంకొకటి అవతలి గట్టున ఉండేది, దాని పేరు విశ్వాసం. వెనకటి రోజుల్లో లంకల్లో తిరిగి వాక్యం చెప్పిన ఒక దొరగారు, ఒకే వడ్రంగి చేత, ఒకే కొలతలతో రెండూ చేయించి, వెళ్ళిపోతూ ఒక్కో సంఘానికి ఒక్కటి ఇచ్చి వెళ్ళారట. పెద్ద సరుకు నావలు కావు, నలుగురు కూర్చునేవి, ఒకే కొయ్య, ఒకే తెరచాప. ఆయనే ఇంకో కట్టుబాటు కూడా పెట్టి వెళ్ళారు. ప్రతి ఏడూ పునరుత్థాన పండుగ వెళ్ళిన వారంలో జరిగే మూడు రోజుల సభలు ఏ గట్టున జరగాలన్నది మొదట్లో చీట్లు వేసి తేల్చేవారట. చీటీ మడత పెట్టిన మనిషి మీద అనుమానాలు పుట్టి, రెండు సంఘాలూ మాట్లాడుకోవడం మానేసేదాకా వచ్చిందట. అప్పుడాయన, చీటీ మనిషి చేతిలో ఉంటుంది, గాలి దేవుని చేతిలో ఉంటుంది, ఆ తీర్పేదో గాలినే చెప్పనివ్వండి అన్నారట. అప్పటినుంచి, పండుగకి వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు సాయంత్రం, దక్షిణపు గాలి బాగా అందుకునే వేళకి, రెండు నావలకీ పందెం. ఏ నావ ముందు వస్తే ఆ గట్టున సభలు. బయటివాళ్ళు దీన్ని పడవల పందెం అనేవారు. మాకు మాత్రం అది ప్రార్థన అడిగి జవాబు కోసం ఎదురుచూడడం లాంటిది.

నాకు పదిహేనేళ్ళప్పటి మాట ఇది. అంతకుముందు చాలా ఏళ్ళుగా విశ్వాసమే గెలుస్తోంది, సభలు అవతలే జరుగుతున్నాయి. అది మాకు పెద్ద కష్టంగా ఉండేది కాదు, అందరం పడవల్లో దాటి వెళ్ళి మూడు రోజులూ అక్కడే వండుకుని తిని వచ్చేవాళ్ళం. మామ్మ అయితే ముందు వరసలో, మైకుకి ఎదురుగా, తన చాప తనే పరుచుకుని కూర్చునేది. సభల్లో విన్న ప్రసంగాన్ని ఏడాది పొడుగునా మాకు ముక్కలు ముక్కలుగా వడ్డించేది. చదువు రాదు గానీ ఏ మాట ఏ అధ్యాయంలో ఉందో చెప్పగలిగేది. అలాంటి మనిషి ఆ ముందటి వానల్లో రేవులో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతకలేదు. మంచం మీదనుంచి దింపాలంటే నలుగురు కావాలి, పడవలోకి దింపడమన్నది కుదిరే పని కాదని వైద్యుడు చెప్పేశాడు. కళ్ళల్లో పువ్వులు కూడా పూశాయి. ఆవిడకి ఇక మిగిలింది వినడమొక్కటే. ఎవర్నీ ఏదీ అడిగేది కాదు. ఆ ఏడు మాత్రం పందెం దగ్గరపడుతుంటే నాన్నగారిని పిలిచి, ఈసారి మనకొస్తే నా మంచం పందిట్లో ఎయ్యండ్రా, ఇంకోసారి ఇంటాను, అంది. అంతే అంది.

నాన్నగారు సంఘ పెద్ద, నిరీక్షణ చుక్కాని పట్టేది ఆయనే. అవతలి వాళ్ళని ఒక్కమాట అడిగితే మామ్మ కోసం సభలు ఇటు ఇచ్చేసేవారేమో. అమ్మ ఆ మాట అంటే నాన్నగారు ఒప్పుకోలేదు. గాలిని అడగాల్సింది మనుషుల్ని అడక్కూడదన్నారు. కానీ ఆ నెల్లాళ్ళూ ఆయన నావకి నీరు దిగకుండా కీలు రాసిన తీరు, తాళ్ళు మార్చిన తీరు చూస్తే, ఆయన ఎంత గట్టిగా అడుగుతున్నారో మాకు తెలుస్తూనే ఉండేది.

ఆ శనివారం గాలి మామూలు గాలి కాదు. పొద్దున్నించీ కొబ్బరిచెట్లు జుట్టు విరబోసుకున్నట్టు ఉత్తరానికి వంగిపోయాయి, ఆరేసిన బట్టలు ఎవరివి ఎవరి దొడ్లో పడ్డాయో వెతుక్కోవలసి వచ్చింది. పందెం అవతలి రేవులో మొదలై, ఎగువన మా లంక తల దగ్గర పాతిన వెదురు గెడ చుట్టి, మా రేవుకి రావాలి. రెండు నావలూ గెడదాకా పక్కపక్కనే వచ్చాయి. నిరీక్షణ గెడ చుట్టి ఇటు తిరిగిందో లేదో, నది మీదనుంచి పెద్ద చప్పుడు వినపడింది. మా తెరచాప పైనుంచి కిందిదాకా నిలువునా చినిగిపోయింది. ప్రభువు ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర చినిగినట్టు చినిగిందని ఉపదేశి గారు తల పట్టుకున్నారు. అదే గాలికి అవతలి నావ చుక్కాని కర్ర కూడా విరిగింది. రెండు నావలూ రెండు దిక్కులకి కొట్టుకుపోయి, గెడలు వేసుకుంటూ ఎవరి గట్టుకి వాళ్ళు చేరారు.

పాస్టరు గారు పందెం మర్నాటి సాయంత్రానికి మార్చారు. ప్రభువు దినాన పందెమా అని అవతలి సంఘంలో ఒక పెద్దాయన గట్టిగా అడ్డుపడ్డారు. పాస్టరు గారు, సభలు దేవునివైతే వాటికి చోటు చూడడం కూడా దేవుని పనే, కాకపోతే ఎవరూ ఈలలు వేయకూడదు అని తీర్పు చెప్పారు.

విరిగిన కర్ర పూటలో తయారవుతుంది, చినిగిన తెరచాప తయారవదు. గుడ్డ కొనాలంటే అమలాపురం వెళ్ళాలి, ఆ గాలిలో పడవ కట్టేవాడు లేడు. మగవాళ్ళంతా మందిరం అరుగు మీద చినిగిన గుడ్డని పరుచుకుని, ఎవరో పోయిన ఇంట్లోలా కూర్చున్నారు. ఈ సంగతి విని మామ్మ మంచం మీదనుంచి మా అత్తని కేకేసింది.

“నా పెట్టె తియ్యవే. అడుగున తెల్లచీర ఉంటాది, తీసుకెళ్ళి ఆళ్ళకియ్యి.”

అత్త కదల్లేదు. “అది నువ్వు పోయినప్పుడు కట్టమని దాచుకున్న చీర కదే అమ్మా. పడవకి కడతానంటావేంటే?”

“నేను పోయినప్పుడు నాకే కడుదురు గాని. ముందు గాలికి కట్టండి.”

తెల్లచీర సంగతి మా తరంవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతా చీరలు ఎన్ని ఉన్నా లేకపోయినా, రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి ప్రభు బల్ల దగ్గరికి వెళ్ళేందుకు ప్రతి ఆడమనిషికీ ఒక తెల్లచీర ఉండేది. నీలిమందు పెట్టి ఉతికి, గంజి పెట్టి, మడతల్లో ఎండిన మొగలి రేకు వేసి దాచుకునేవారు. మామ్మ చీర అత్త చేతుల్లో వీధిలోకి వచ్చేసరికి, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఒక్కొక్క ఇంట్లోంచి ఒక్కొక్క చీర బయటికి వచ్చింది. అమ్మది వచ్చింది. నాకు పునరుత్థాన పండుగనాడు బాప్తిస్మానికని కొన్న కొత్త ఓణీ కూడా వచ్చింది. మందిరం గచ్చు మీద పరిచి, బలం రావడానికి రెండేసి మడతలు వేసి, పాత గుడ్డకి ఉన్న తాడు అంచునే మళ్ళీ చుట్టూ తిప్పి, దబ్బనాలతో, వలలు అల్లే దారంతో పొద్దు పొడిచేదాకా కుట్టాం. చిన్నాన్న గుమ్మంలో నిలబడి, ఇన్ని తెల్లచీరలు మీదేసుకుంటే నిరీక్షణ పాటలు పాడుతూ ఎళ్తాదేమో వదినా, అన్నాడు. ఎళ్తే ఎళ్ళనీ, నువ్వు మాత్రం తాడు వదలకు, అంది అమ్మ తలెత్తకుండా.

మర్నాడు మట్టల ఆదివారం. పాస్టరు గారు పొద్దున్నే పడవ మీద వచ్చి మందిరంలో అడుగుపెట్టి ఆగిపోయారు. ప్రభు బల్ల రోజున ఎప్పుడూ కొంగల గుంపు వాలినట్టు ఉండే ఆడవాళ్ళ వైపు ఆ రోజు మిరపపండు రంగు, చిలకపచ్చ, వంకాయరంగు చీరలతో సంతలా ఉంది. అందరూ సిగ్గుతో మట్టలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.  తరవాత చెప్పిన ప్రసంగంలో, ప్రభువు దారిలో తమ బట్టలు పరిచినవాళ్ళ గురించి మాట్లాడుతూ మా వైపు చూడకుండా మాట్లాడారు.

సాయంత్రం గాలి ముందురోజు కంటే కొంచెమే తగ్గింది. మామ్మని మంచంతో సహా రేవు గట్టు మీదికి మోసుకొచ్చారు. నేను ఆవిడ పక్కన నిలబడి కనిపించింది కనిపించినట్టు చెబుతున్నాను. అవతలి రేవులో రెండు తెరచాపలు లేచాయి. మాది ఎండపడి వెలుగుతుంటే మా ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, అదిగో నాది, ఆ మూలది, కాదు అది నాది, అని గొడవపడ్డారు. ఈలలు వేయొద్దన్నారు కాబట్టి గట్టు మీద కుర్రవాళ్ళు స్తోత్రం, హల్లెలూయ అని అరుస్తున్నారు. అవతలినుంచి కూడా హల్లెలూయలే వినపడుతున్నాయి. ఏ హల్లెలూయ ఎవరి పక్షమో దేవునికే తెలియాలి.

గెడ దగ్గరికి మేమే ముందు వెళ్ళాం. గెడ చుట్టి ఇటు తిరిగేసరికి మా నావ రెండు పడవల పొడుగు ముందుంది. అవతలి నావ చుక్కాని పట్టిన ఆయన గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన సంఘస్థుడు కాదు, గట్టు మీద కొబ్బరితోటలున్న హిందూ రైతు. వీరేశ్వరస్వామి కల్యాణం చేయించకుండా ఏడు గడవనివ్వని మనిషి, కానీ నావలంటే ప్రాణం. వాళ్ళ సంఘంలో చుక్కాని పట్టే ముసలాయన మంచాన పడ్డప్పటినుంచి ఆయనే వచ్చి పట్టేవారు. నాన్నగారికీ ఆయనకీ స్నేహం, మేము పిల్లలం ఆయన్ని మావయ్యగారూ అని పిలిచేవాళ్ళం. పెద్దకులాలవాళ్ళు మాలాంటి వాళ్ళ ఇళ్ళల్లో మంచినీళ్ళు కూడా పుచ్చుకోని ఆ రోజుల్లో, ఆయన మా ఇంట్లో టీ అడిగి తాగేవారు.

నిరీక్షణ రేవుకి దగ్గరపడింది. నాన్నగారి మొహం కనపడుతోంది, చిన్నాన్న తెరచాప తాడు రెండు చేతులా బిగించి పట్టుకుని ఉన్నాడు. మా రేవుకి ఎడమపక్కన నీళ్ళలో ఒక ఇసుక మేట ఉండేది. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మా లంకలో పాకే పిల్లలకి కూడా తెలుసు. నేను మామ్మ చెవిలో, వచ్చేశారే మామ్మా, వచ్చేశారే, అంటున్నాను.  సరిగ్గా అప్పుడు, ఆనందం పట్టలేక, ఉపదేశి గారు బ్యాటరీ మైకు అందుకుని, ప్రార్థన చేద్దాం, దేవునికి కృతజ్ఞతలు చెల్లిద్దాం, అన్నారు.

ఆ మాట మా చెవిన పడితే ఏమవుతుందో మీలో సంఘంలో పుట్టి పెరిగినవాళ్ళకి తెలుసు. ఆలోచన ఉండదు. తల వంగుతుంది, కళ్ళు మూతపడతాయి. గట్టు మీద ఆడవాళ్ళం కొంగులు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నాం. మగవాళ్ళు తువ్వాళ్ళు తీసి కళ్ళు మూసుకున్నారు. తీర్పు చెప్పడానికి నిలబడ్డ పాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు. ఉపదేశి గారి ప్రార్థన పొట్టిది కాదు. ఆయన ప్రార్థిస్తే అన్నాలు చల్లారిపోయేవి, ఇంటింటి పేరునా, ఈనబోయే గేదెల పేరునా అడిగేవారు. ఆ రోజు చీరలిచ్చిన ప్రతి ఇల్లాలి కోసం పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు. చివరికి ఆమేన్ అని కళ్ళు తెరిచి చూస్తే, మా రేవులో విశ్వాసం కట్టేసి ఉంది. నిరీక్షణ ఎడమపక్కన ఇసుక మేట మీద ఎక్కి కూర్చుని ఉంది. అందులో నాన్నగారు ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, ఇంకో చేత్తో తలకి చుట్టిన తువ్వాలు తీసి గుండెకి ఆనించుకుని, అప్పుడే కళ్ళు తెరుస్తున్నారు. తెల్లచీరల తెరచాప నిండా గాలి ఉంది, వెళ్ళడానికి నీళ్ళు లేవు.

 ఏం జరిగిందో దగ్గరనుంచి చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. పాస్టరు గారు మావయ్యగారినే అడగవలసి వచ్చింది. ఆయన రేవులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, గెలిచినవాడి మొహంలా లేని మొహంతో చెప్పారు.

“వాళ్ళే ముందండీ, పాస్టరు గారూ. రేవు ఇంకెంతో లేదండి. మైకులో ఆ మాట రాగానే మా నావలో వాళ్ళూ కళ్ళు మూసేసేరండి. నేను మూయలేదండి, చుక్కాని చేతిలో ఉంది కదండీ. పెద్దగారి నావ మేట మీదికి పోతుంటే కేకేసేనండి, మైకు ముందు నా గొంతెంతండీ. ఇది గెలుపు కాదండి. మళ్ళీ పెట్టండి.”

అందరూ నాన్నగారి వైపు చూశారు. ఆయన మామ్మ మంచం వైపు ఒకసారి చూసి, తువ్వాలు మళ్ళీ చుట్టుకుంటూ, “వద్దండి. గాలి చెప్పేసింది,” అన్నారు.

“గాలెక్కడ చెప్పింది అన్నయ్యా,” అన్నాడు చిన్నాన్న ఇసుకలో దిగుతూ. “ఉపదేశి గారు చెప్పేరు.”

ఎవరో నవ్వారు, తరవాత అందరూ నవ్వారు, ఉపదేశి గారు మాత్రం మైకు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నాన్నగారు వచ్చి మామ్మ మంచం దగ్గర చతికిలబడి, పోగొట్టేనమ్మా, అన్నారు.  మామ్మ చెయ్యి తడుముకుంటూ వెళ్ళి ఆయన తల మీద పడింది.

“దేవుడి మాట చెవినపడితే కళ్ళు మూసుకునే కొడుకుని కన్నాన్రా. దానికేడుత్తావేంటి? లే, ఉపదేశి గారికి టీ పెట్టించు. ఆయన మొహం చూడలేను, నాకు కనపడదు గానీ.”

అలా అంది గానీ, ఆ రాత్రినుంచీ గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. నాన్నగారు నావ దగ్గరికి వెళ్ళడం మానేశారు. గాలి తీర్పు దేవుని తీర్పే అయితే, దేవుడు ఒక ముసలావిడకి సభలు ఎందుకు వద్దన్నాడన్న ప్రశ్న ఆయనలో తిరుగుతోందని, అడిగితే తప్పని ఆయన ఆపుకుంటున్నారని అమ్మ నాకు తరవాతెప్పుడో చెప్పింది.

పునరుత్థాన పండుగ ముందు ఒక సాయంత్రం మావయ్యగారు, అవతలి సంఘ పెద్ద కలిసి పడవ మీద వచ్చారు. సంఘ పెద్ద ఇబ్బందిగా కూర్చున్నారు, మావయ్యగారే మాట్లాడారు. సభల పందిరి ఎప్పుడూ వేసే మందిరం వెనక కాకుండా, నది ఒడ్డున ఆయన కొబ్బరితోట అంచున వేయించమని వాళ్ళని ఒప్పించారట. మైకు గొట్టాల్లో ఒకటి మా లంక వైపు తిప్పుతారట.

“సాయంత్రం అయ్యేసరికి దక్షిణపు గాలండి,” అన్నారు మామ్మ మంచం దగ్గరికి వంగి. “అక్కడ పాడితే ఇక్కడికే వత్తాదండి. మీరు గట్టు మీద మంచం ఏయించుకోండి మామ్మగారూ. ఆయ్, మరి గెలిచింది మా గట్టయినా పాట మీకు రాకూడదని గాలి ఎక్కడా చెప్పలేదు కదండీ.”

మామ్మ గోడ వైపునుంచి ఇటు తిరిగింది.

ఆ మూడు సాయంత్రాలూ మా గట్టు మీద మంచం వేశాం. ఎండపొడ తగలకుండా నాన్నగారు తానే వెళ్ళి నావ మీదనుంచి తెల్లచీరల తెరచాప దింపి తెచ్చి, నాలుగు కర్రలకి పైన కట్టారు. మా లంకవాళ్ళు చాలామంది ఆ ఏడు సభలకి దాటి వెళ్ళలేదు, మామ్మ చుట్టూ గట్టు మీదే కూర్చున్నారు. నీళ్ళ మీదుగా పాట వచ్చింది. ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా, మధ్యలో మాటలు మింగేసి రాగమొక్కటే వదిలిపెడుతూ వచ్చింది. మింగేసిన మాటల్ని మామ్మ పూరించేది. ప్రసంగికుడు ఒక వచనం మొదలుపెడితే గాలి సగంలో ఎత్తుకుపోయేది, మిగతా సగం మామ్మ చెప్పేది. ఆమేన్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గట్టిగా ఆమేన్ అంది, తరవాత, ఇది ఆళ్ళకి ఇనపడదు కదా, గాలి ఎదురు కదా, అని చిన్నపిల్లలా దిగులుపడింది. అప్పుడు నాన్నగారు లాంతరు వెలిగించి, అవతలివాళ్ళకి కనపడేలా చెయ్యెత్తి పైకి పట్టుకున్నారు. అవతల ఎవరు గమనించారో తెలియదు, కాసేపటికి మైకులో పాస్టరు గారి గొంతు ఆగి, లంకనుంచి మామ్మగారి ఆమేన్ అందింది, అంది. ఆ తరవాత ప్రతి ప్రార్థనకీ మేము లాంతరు ఎత్తాం. ఆ మూడు రోజుల్లో నాన్నగారు ఒక్క ప్రార్థనకి కూడా కళ్ళు మూసుకోలేదు. లాంతరు పట్టుకున్నవాడు చూసుకోవాలి కదా.

తొలకరికి ముందే మామ్మ ప్రభువు నందు నిద్రించింది. తెరచాపలో ఆవిడ చీర ఏదో అమ్మకి తెలుసు, కుట్లు విప్పి, ఉతికి, నీలిమందు పెట్టి ఆవిడకి కట్టింది. అంచు పొడుగునా దబ్బనం గుచ్చిన రంధ్రాలు వరసగా ఉండిపోయాయి. గంజి పెడితే మూసుకుంటాయేమోనని అత్త అంటే, ఉండనీ, అది గాలి చూసొచ్చిన చీర, అంది అమ్మ. నా ఓణీ నాకు తిరిగి వచ్చింది. బాప్తిస్మం అరువు ఓణీతో పుచ్చుకున్నాను గానీ, నది వాసన వేసే ఆ ఓణీని చాలా ఏళ్ళు దాచుకున్నాను.

వంతెన మీద ఆటో అతను హారను కొట్టాడు. యానాంలో కూడికకి ఆలస్యమవుతోంది. కింద పందెం ఇంకా నడుస్తోంది, ఆ కుర్రాళ్ళకి గాలి అంటే వేగం. ఆ వేగం వాళ్ళకి అందాలి, నేనేమీ తప్పు పట్టను. వంతెన వచ్చాక పడవలు ఎవరికీ అవసరం లేకపోయాయి. నిరీక్షణ మందిరం వెనక బోర్లాపడి కొన్నేళ్ళు ఉండి, ఒక వరదలో వెళ్ళిపోయింది. మా వీధుల్లో మూడు నదిలో కలిశాయి. ఆ ఇసుక మేట కూడా లేదు, లారీల్లో ఎక్కి ఎవరి మేడల్లో గోడలయిందో. సభలు ఇప్పుడు అమలాపురంలో పెద్ద హాల్లో పెడుతున్నారు. మోకాళ్ళు సహకరించనివాళ్ళు ఫోనులో చూడొచ్చు, నేనూ అలాగే చూస్తాను, ఒక్క మాట కూడా పోకుండా అంతా వినపడుతుంది. మింగేసిన మాటని పూరించే పని ఎవరికీ లేదు. మంచం మీదనుంచి నేను ఆమేన్ అంటే, దాన్ని అవతలికి చూపించడానికి లాంతరు పట్టుకునేవాళ్ళు లేరు. ఎవరు గెలిచినా ఓడినవాడి వైపు మైకు తిప్పేటంత వెడల్పయిన నది మన మధ్యన ఇప్పుడు లేదు. వంతెన మీదనుంచి చూస్తుంటే అదొక్కటే నాకు లోటనిపించింది.

ఇదంతా చదివిన మీలో నా వయసువాళ్ళు, నది దాటి సభలకి వెళ్ళినవాళ్ళు ఉండే ఉంటారు. రండి, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థన చేయండి. ఎదురుగాలికి తమ ఆమేన్ వినిపించుకోలేక మంచాల మీద ఉన్న పెద్దలందరి కోసం. వాళ్ళ వైపు ఒక గొట్టం తిప్పి పెట్టే పొరుగువారు, ఏ దేవుని పేరు తలుచుకునేవారైనా సరే, వాళ్ళ ఇళ్ళు చల్లగా ఉండాలని. నేను కొంగు తల మీదికి లాక్కున్నాను, మీరూ కళ్ళు మూసుకోండి. చేతిలో చుక్కాని ఉన్నవాళ్ళు మాత్రం తెరిచే ఉంచండి. దేవుడు ఏమీ అనుకోడు.